తెర మీద పేరు, కార్డు మీద దీపం

పెనుకొండ కోటకు ఎర్రమంచి ద్వారం అని ఒకటుంది. పదకొండు అడుగుల ఆంజనేయుడు ఉండే ద్వారం అంటే చూసినవాళ్లకు వెంటనే గుర్తొస్తుంది. ఆ పేరు పెట్టినవాళ్లు కోట చుట్టూ తిరిగి ఇది ఎన్నో ద్వారమని లెక్కపెట్టలేదు, ఏ మేస్త్రీ కట్టాడని అడగలేదు. ఆ దారిన బయటికి పోతే ఏ ఊరు తగులుతుందో ఆ ఊరి పేరే తగిలించారు. 1565లో తళ్లికోట యుద్ధం ఓడాక విజయనగర ప్రభువులు హంపి వదిలి ఈ కొండ కిందికే వచ్చారు. రాజధాని ఊళ్లో ఏ ద్వారం ఎటు పోతుందో తెలియనివాణ్ని కావలికి పెట్టుకోరు గదా. కంప్యూటర్ల వాళ్లు రోజుకు వందసార్లు వాడే ‘పోర్టు’ అనే మాట పుట్టింది కూడా ద్వారం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే. అయితే సర్వర్ వెనక ఉండే పోర్టులకు పేరు పెట్టే తీరు కోటవాళ్ల తీరుకు తలకిందులు. అక్కడ బయటి ఊరిని చూసి పేరు పెట్టారు. ఇక్కడ లోపలి అమరికను చూసి పెడతారు. లోపల ఏ దారిలో ఉంది, ఏ స్లాటులో ఉంది, అందులో ఎన్నో భాగం అన్నది ఆ పేరులో ఉంటుంది. చేత్తో తడిమితే తగిలే కన్నం ఏది, అందులోంచి పోయే వైరు ఎక్కడ తేలుతుంది అన్నది మాత్రం ఆ పేరులో ఎక్కడా ఉండదు. ఇది నిఘంటువు గొడవ కాదు. వంద కిలోమీటర్ల దూరం నుంచి సర్వర్లు నడిపే ఈ కాలంలో చాలా తిప్పలు ఈ చిన్న ఖాళీలోంచే పుడుతున్నాయి.

హిందూపురం పక్కన తూముకుంట పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాక్టరీ ఉందనుకుందాం. ఆఫీసు గది మూల ఒక ఇనుప రాక్, అందులో ఒక సర్వర్. దాన్ని చూసుకునే ఇంజినీరు ఉండేది బెంగళూరులో. ఫ్యాక్టరీలో ఉన్నది ఒక ఎలక్ట్రీషియను, ఒక స్టోర్సు గుమాస్తా. సర్వర్‌లో నాలుగు పోర్టుల నెట్‌వర్క్ కార్డు ఉంది. చూడటానికి అరచేతంత బోర్డు, దాని అంచుకు ఒక సన్నటి స్టీలు పట్టీ, ఆ పట్టీలో వరసగా నాలుగు చదరపు కన్నాలు. ఒక్కో కన్నం పక్కన ఆవగింజంత దీపాలు రెండు. ఒక కన్నంలోంచి వైరు ఆఫీసు కంప్యూటర్లకు పోతుంది, ఒకటి కెమెరాలకు, ఇంకొకటి బెంగళూరు లైనుకు, నాలుగోది ఖాళీ. కెమెరాల వైరు చెడిపోయింది, మార్చాలి. ఇంజినీరు తెర మీద చూస్తే కెమెరాల పోర్టు పేరు ‘ఈఎన్‌పీ5ఎస్0ఎఫ్1’ అని కనబడుతుంది. స్టీలు పట్టీ మీద ఆ పేరు ఉండదు. కొన్ని కార్డుల మీద అంకెలు అచ్చువేసి ఉంటాయి, కొన్నింటి మీద అవీ ఉండవు. ఉన్నా చీకటి రాక్‌లో, వైర్ల గుంపు వెనకాల, చత్వారం వచ్చిన కళ్లకు అవి కనబడవు. ‘ఎడమ నుంచి రెండోది తియ్యి’ అని ఫోన్లో చెబితే ఎవరి ఎడమ? సర్వర్ ముందు నిలబడితే ఒక ఎడమ, వెనక నిలబడితే ఇంకో ఎడమ. కొన్ని సర్వర్లలో కార్డు నిలువుగా నిలబడుతుంది కాబట్టి పైనా కిందా అనాలి. పలుచటి సర్వర్లలో అడ్డంగా పడుకుంటుంది కాబట్టి కుడీ ఎడమా అనాలి. ఒక్కోసారి బోర్లా పడుకుంటుంది, అప్పుడు వరసే తిరగబడుతుంది. పొరపాటున ఆఫీసు వైరు పీకితే బిల్లింగ్ ఆగుతుంది. బెంగళూరు వైరు పీకితే ఫోన్లో చెబుతున్న ఇంజినీరు తెరే చీకటైపోతుంది.

సర్వర్‌కు తన పోర్టులు తనకే తెలియవా అని అడగవచ్చు. తెలుసు, కానీ మనకు కావాల్సిన రకంగా తెలియదు. లినక్స్ అనే వ్యవస్థ (చాలా సర్వర్లు నడిచేది దీని మీదే) ఒకప్పుడు పోర్టులకు ఈథ్0, ఈథ్1, ఈథ్2 అని పేర్లు పెట్టేది. యంత్రం మేల్కొన్నప్పుడు ఎవరు ముందు పలికితే వాళ్లు సున్నా, తర్వాత పలికినవాళ్లు ఒకటి. బడిలో హాజరు పిలిచినట్టు కాదు, ఉచిత పాసుల క్యూలో నిలబడ్డట్టు. కొత్త కార్డు ఒకటి పెడితే నిన్నటి సున్నా ఇవాళ రెండు కావచ్చు. కార్డులను నడిపే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, వేరే వరసలో లేస్తే పేర్లు తారుమారు కావచ్చు. ఈ గొడవ భరించలేక డెల్ కంపెనీ ఇంజినీర్లు బయోస్‌డెవ్‌నేమ్ అనే సాధనం రాశారు. 2011లో వచ్చిన ఫెడోరా 15 అనే లినక్స్ కూర్పులో అది చేరింది. సర్వర్ బోర్డు మీద ఉన్న పోర్టుకు ఒక రకం పేరు, ఫలానా స్లాటులో ఉన్న కార్డుకు ఇంకో రకం పేరు పెట్టడం దాని పని. తర్వాత 2013 జనవరిలో, లినక్స్‌ను లేపి నడిపించే ప్రోగ్రాము అయిన సిస్టమ్‌డీ 197వ కూర్పుతో ఇప్పటి పద్ధతి వచ్చింది. ఈఎన్‌పీ5ఎస్0ఎఫ్1 అన్నదాన్ని విప్పితే ఈఎన్ అంటే ఈథర్‌నెట్, పీ5 అంటే అయిదో నంబరు లోపలి దారి, ఎస్0 అంటే ఆ దారిలో సున్నా స్థానం, ఎఫ్1 అంటే ఆ కార్డులో ఒకటో భాగం. నాలుగు పోర్టుల కార్డు చాలామటుకు నాలుగు భాగాలుగా కనబడుతుంది, ఎఫ్0 నుంచి ఎఫ్3 దాకా. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ముందే ఊహించగల పేర్లు’.

పేర్లే అంత పద్ధతిగా ఉంటే ఇంకా ఫోన్లో అడగడం ఎందుకన్నది మొదటి అభ్యంతరం. అందులో సగం నిజం ఉంది. ఈ పద్ధతి వచ్చాక, ఏమీ ముట్టుకోనంత కాలం, సర్వర్ ఆపి మళ్లీ లేపితే పేర్లు మారడం బాగా తగ్గింది. కానీ ఊహించగలగడం వేరు, చూపించగలగడం వేరు. మొదటి చిక్కు, ఎఫ్0 అనే భాగం పట్టీలో పై కన్నమా, కింది కన్నమా అన్నది కార్డు తయారుచేసినవాళ్ల ఇష్టం. దానికి లోకమంతా ఒప్పుకున్న నియమం లేదు. రెండో చిక్కు, దారి నంబర్లు కూడా శాశ్వతం కావు. మధ్యలో ఇంకో కార్డు దిగితే ఆ తర్వాతి దారుల నంబర్లు జరుగుతాయి, పీ5 కాస్తా పీ6 అవుతుంది. మూడోది, స్లాట్ల సంగతి సర్వర్‌కు చెప్పేది, మేల్కొనగానే మొదట నడిచే దాని బయోస్‌లో రాసిన పట్టికలు. ఆ పట్టికలో తప్పుంటే పేరులోనూ తప్పే ఉంటుంది, ఎంతో నమ్మకంగా ఉంటుంది. కొన్ని రెండు పోర్టుల కార్డులు లోపల ఒకే భాగంగా కనబడతాయి, అక్కడ ఎఫ్ అంకెతో తేడా తెలియదు. పైగా సిస్టమ్‌డీ కొత్త కూర్పుల్లో పేరు పెట్టే నియమాలే కొద్దికొద్దిగా మారుతూ వచ్చాయి. అందుకే పాత నియమాలకే కట్టిపడేసే ఏర్పాటు ఒకటి తర్వాత చేర్చాల్సి వచ్చింది. ముందే ఊహించగల పేర్లకు అలాంటి తాడు అవసరం పడటం కాస్త నవ్వొచ్చే సంగతే.

నా వాదన ఇది. తెర మీద కనబడే పేరు సాక్ష్యం కాదు, సాక్షి చెప్పిన మాట. ఒక పోర్టు ఏదో తెలిసిందని అనాలంటే ఒక చివర మనం ఏదో చెయ్యాలి, రెండో చివర దానికి బదులు కనబడాలి. ఆ బదులు చూసిన కన్ను మనదైనా కావాలి, మనం నమ్మే మనిషిదైనా కావాలి. ఇందుకు అన్నిటికన్నా సులువైన సాధనం లినక్స్‌లో ఎప్పటి నుంచో ఉంది. దాని పేరు ఈథ్‌టూల్. దానికి ‘పీ’ అనే చిన్న గుర్తు తగిలించి, పోర్టు పేరు చెప్పి, ఎన్ని సెకన్లో చెబితే ఆ పోర్టు దీపం అన్ని సెకన్లూ ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. సెకన్లు చెప్పకపోతే మనం ఆపేదాకా అలాగే ఉంటుంది. ఇంతకు మించి అది చేసేది ఏమీ లేదు, ఇంతకు మించి అవసరమూ లేదు. మన తూముకుంట ఫ్యాక్టరీలో ఆ సంభాషణ ఇలా నడుస్తుంది. ‘అన్నా, సర్వర్ వెనకాల ఉండావా? ఏ లైటు ఆరి ఆరి వెలుగుతాండాది?’ ‘పైనించి మూడోదన్నా.’ ‘ఇంకోసారి చూడు, రెండోది కాదా?’ ‘కాదన్నా, మూడోదే. రెండోది ఊరికే మెరుస్తాండాది, ఇది లెక్కగా కొట్టుకుంటాండాది.’ ఎఫ్0 పైన ఉంటుందనీ, ఎఫ్1 రెండోదనీ ఇంజినీరు అనుకున్నాడు. ఈ కార్డులో వరస కిందినుంచి మొదలైంది. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా ‘పైనించి రెండోది పీకు’ అని ఉంటే ఆ పూట ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

ఎలక్ట్రీషియను చెప్పిన చివరి మాటలో రెండో అభ్యంతరానికి జవాబు ఉంది. పని చేస్తున్న పోర్టు దీపం ఎలాగూ మెరుస్తూనే ఉంటుంది, అందులో మన మెరుపును ఎలా పోల్చుకోవాలి అంటారు. రాకపోకల మెరుపుకు తాళం ఉండదు. వాన చినుకులు రేకు మీద పడ్డట్టు ఎప్పుడు పడితే అప్పుడు, ఎంత పడితే అంత. గుర్తింపు మెరుపుకు తాళం ఉంటుంది, గడియారం కొట్టినట్టు. నిలబడి చూసేవాడికి అయిదారు సెకన్లలో తేడా తెలిసిపోతుంది. అనుమానముంటే మెరుపు ఆపించి, అదే దీపం మామూలైందా అని మళ్లీ అడగడమే. అన్ని కార్డులూ ఈ పని చెయ్యవు, అది నిజమే. ఒకే సర్వర్‌లో కల్పించుకున్న ఉత్తుత్తి యంత్రాల్లో అయితే అసలు దీపమే ఉండదు, కాబట్టి ఆ ఆజ్ఞ వెనక్కి వస్తుంది. అలాంటప్పుడు పట్టుకోవాల్సింది కింద ఉన్న అసలు యంత్రాన్ని. దీపం చూడటానికి కన్ను కావాలి గదా, కన్ను అక్కడ ఉన్నప్పుడు ఈ సాధనమెందుకు అని ఇంకొకరు అడుగుతారు. సాధనం ఉన్నది ఆ కన్ను కోసమే. ఈఎన్‌పీ5ఎస్0ఎఫ్1 అంటే ఏమిటో ఎలక్ట్రీషియనుకు నేర్పాల్సిన పని లేకుండా, ఆయనకు ముందే తెలిసిన భాషలో, అంటే వెలుగులో, యంత్రం చేత చెప్పించడమే దీని గొప్ప. పాత టెలిఫోను లైన్‌మెన్ చేసిందీ ఇదే. హిందూపురానికి 08556, పెనుకొండకు 08555, ధర్మవరానికి 08559 అని కోడ్లు ఉన్నా, మీ ఇంటి నంబరు ఎక్స్ఛేంజీలోని రాగి తీగ మీద ఎక్కడా రాసి ఉండదు. వందల జతల తీగల్లో మీ జత ఏదో కనిపెట్టాలంటే ఒక చివర కూత పెట్టి, రెండో చివర ఏ జతలో ఆ కూత వినబడుతుందో చెవి పెట్టి వినేవాళ్లు. చెవి చేసిన పనిని ఇప్పుడు కన్ను చేస్తోంది.

రాత్రి రెండు గంటలకు ఫ్యాక్టరీలో ఎవరూ లేనప్పుడు ఏం చెయ్యాలి? అప్పుడు రెండో చివర బదులు చెప్పేది మనిషి కాదు, వైర్ల అవతలి కొసలు వచ్చి కలిసే స్విచ్ అనే పెట్టె. నెట్‌వర్క్ కార్డులోని ప్రతి పోర్టుకూ పన్నెండు అక్షరాల చిరునామా ఒకటి ఉంటుంది. 48 బిట్ల ఆ చిరునామాలో మొదటి సగం తయారుచేసిన కంపెనీది, రెండో సగం ఆ పోర్టుది. నాలుగు పోర్టుల కార్డులో ఇవి తరచుగా వరస అంకెలే ఉంటాయి, కార్డు మీద అతికించిన కాగితం మీద కూడా ఉంటాయి. ఏ చిరునామా తన ఎన్నో కన్నంలోంచి వినబడుతోందో స్విచ్ ఒక పట్టికలో రాసుకుంటుంది. ఆ పట్టిక దూరం నుంచీ చదవవచ్చు. ఇంకా తేలికైనది ఎల్‌ఎల్‌డీపీ అనే పద్ధతి, 2005లో ప్రమాణంగా వచ్చింది. ఇందులో స్విచ్ తనంతట తానే, మామూలుగా ముప్ఫయి సెకన్లకొకసారి, ‘నేను ఫలానా స్విచ్‌ను, ఇది నా పన్నెండో కన్నం’ అని ప్రతి వైరు మీదా చెబుతూ ఉంటుంది. ప్లాట్‌ఫాం చివర పసుపు బోర్డు మీద ఊరి పేరు రాసి ఉన్నట్టు. సర్వర్ దాన్ని వింటే చాలు. కొన్ని కార్డులు ఈ పలుకును తమ లోపలే మింగేసి సర్వర్‌కు అందనివ్వవు, ఆ ఏర్పాటు ఆపితే గాని వినబడదు. గాజు తీగ వాడే పోర్టులైతే వాటిలో పెట్టిన చిన్న మాడ్యూల్‌కు సొంత సీరియల్ నంబరు ఉంటుంది, అందుతున్న వెలుగు ఎంతో కూడా అది చెబుతుంది. ఈ నంబరును బిల్లుతోనో, పెట్టిన రోజు తీసిన ఫొటోతోనో సరిపోల్చుకోవచ్చు.

ఇవన్నీ సగం దారే అన్నది మరిచిపోకూడదు. స్విచ్‌లో ఎన్నో కన్నమో తెలిసింది, సర్వర్ వెనక ఎన్నో కన్నమో తెలియలేదు. మధ్యలో వైరు ఉంది, దాన్ని ఎవరో ఒకరు చేత్తో పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా పోవాలి. ఆ పని ఒక్కసారి చేసి రాసిపెట్టుకుంటే ఆ తర్వాత రాత్రి రెండు గంటలకు స్విచ్ మాట చాలు. రాసిపెట్టుకోనివాళ్లు మిగిలిన ఒకే ఒక్క దారి పడతారు. స్విచ్‌లో ఒక కన్నం మూసి, సర్వర్‌లో ఏ పోర్టు ప్రాణం పోయిందో చూడటం. ఇది నూటికి నూరుపాళ్లూ నమ్మదగిన పరీక్ష, నూటికి నూరుపాళ్లూ ప్రమాదకరం కూడా. మూసింది మనం వచ్చిన దారే అయితే కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టే, మళ్లీ తెరవడానికి చెయ్యి అందదు. తెలిసినవాళ్లు మూసే ముందే ‘ఒక్క నిమిషం తర్వాత దానంతట అదే తెరుచుకోవాలి’ అని ఆజ్ఞ పెట్టి మూస్తారు. ఇంకా తెలిసినవాళ్లు సర్వర్‌లో మామూలు పోర్టులతో సంబంధం లేని నిర్వహణ పోర్టును వేరే దారిలో కలిపి ఉంచుకుంటారు. కోటలకు దిడ్డి వాకిలి ఉండేది ఇందుకే.

ఇంత చిన్న విషయానికి ఇంత హంగామా ఎందుకనేవాళ్ల కోసం, చాలా పెద్దదైన ఒక సంగతి చెప్పాలి. 2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ స్టేషన్‌లో, షాలిమార్ నుంచి విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై పోయే కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను మీద నేరుగా పొమ్మని పచ్చ సిగ్నల్ పడింది. పట్టాలు మాత్రం పక్కనున్న లూప్ లైను వైపు తిరిగి ఉన్నాయి. 17 ఎ, 17 బి అనే నంబర్లున్న క్రాసోవర్ అది, ఒక లైను నుంచి ఇంకో లైనుకు దారి మళ్లించే చోటు. రైలు లూప్ లైనులోకి పోయి అక్కడ ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా చనిపోయారు. స్టేషన్ ఉత్తరం వైపు సిగ్నల్ గుమ్టీలో (పరికరాలుండే చిన్న గదిలో) గతంలో సర్క్యూటు మార్చినప్పుడు జరిగిన లోపాలు, 94వ నంబరు గేటుకు ఎలక్ట్రిక్ బ్యారియర్ మార్చే పనిలో జరిగిన లోపాలు దీనికి కారణమని ఆ ఏడు జులైలో రైల్వే మంత్రి రాజ్యసభకు ఇచ్చిన సమాధానంలో ఉంది. ఒక్క మాటలో చెప్పాలంటే గదిలోని వ్యవస్థ ఒకటి అనుకుంది, మైదానంలోని ఇనుము ఇంకోలా ఉంది. రెండింటి మధ్యా ఉన్నది తీగలు.

ప్రాణాలు పోయిన ప్రమాదంతో ఫ్యాక్టరీ సర్వర్‌ను పోల్చడం అతి కాదా అంటే, నష్టాన్ని పోల్చితే అతే. నేను పోల్చేది నష్టాన్ని కాదు, తప్పు నడిచిన దారిని. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం స్టేషన్లకు టైంటేబుల్లో హెచ్‌యూపీ, పీకేడీ, డీఎంఎం అని కోడ్లుంటాయి. ఆ కోడ్లలో ఏ తప్పూ ఉండదు. స్టేషన్ మాస్టరు తెర మీద పాయింటుకు, అంటే పట్టాలు దారి మార్చే చోటుకు, ఉన్న నంబరులోనూ తప్పుండదు. తప్పు ఉండేది నంబరుకూ ఇనుముకూ మధ్య ఉన్న ముడిలో. ఆ ముడిని రైల్వేలో కాగితం మీద నమ్మరు. సిగ్నల్ తీగలు ముట్టుకునే ముందు స్టేషన్ మాస్టరుకు డిస్‌కనెక్షన్ మెమో ఇవ్వాలి, పని అయ్యాక పరీక్షించి రీకనెక్షన్ మెమో ఇవ్వాలి అన్నది నియమం. ఆ పరీక్షలో ఒక భాగం పేరు కరెస్పాండెన్స్ టెస్ట్. గదిలో తెర చూపే స్థితీ, బయట పాయింటు దగ్గర నిలబడ్డ మనిషి కంటికి కనబడే స్థితీ ఒకటేనా అని ఒక్కొక్కటిగా సరిచూడటం. నియమం ఉండగా కూడా పొరపాటు జరుగుతుందని బహనాగా చూపింది. నియమమే లేని సర్వర్ గదుల్లో పొరపాటు జరగకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి. ఈథ్‌టూల్ దీపం సర్వర్‌కు జరిపే కరెస్పాండెన్స్ టెస్టే.

మూడో అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచి వస్తుంది. మొదటి రోజే చక్కగా స్టిక్కర్లు అతికిస్తే సరిపోదా అని. స్టిక్కర్లు కావాల్సిందే, కానీ స్టిక్కరు కూడా ఒక మాటే. స్టిక్కరు లేని పోర్టు దగ్గర మనిషి ఆగి అడుగుతాడు, తప్పు స్టిక్కరున్న పోర్టు దగ్గర ఆగడు. అందుకని తప్పు రాత కన్నా ఖాళీ చోటు మేలు. స్టిక్కరు అబద్ధం కావడానికి కుట్ర ఏమీ అక్కర్లేదు. వైర్లు మార్చే రోజు చాలు. అన్నీ ఒకేసారి పీకి, దుమ్ము దులిపి, మళ్లీ ‘ఉన్నట్టే’ పెడితే ఏదో ఒకటి మారుతుంది. ధర్మవరంలో మగ్గం మీద పడుగు అయిపోతున్నప్పుడు ఏం చేస్తారో చూస్తే ఈ తప్పు చెయ్యబుద్ధి కాదు. పాత పోగులన్నీ లాగి పారేసి కొత్తవాటిని మొదటి నుంచి ఎక్కించరు. పాత కొసలు మగ్గంలో తమ తమ కన్నుల్లో ఉండగానే, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతికి లాగుతారు. వేల పోగుల వరస చెడకుండా ఉండేది అందుకే. చెడితే, డిజైను కన్నాలు పొడిచిన జాకార్డు అట్టల్లో నెమలి ఉన్నా చీర మీద నెమలి రాదు. మూడు నాలుగు వైర్లకు ఆ పాటి ఓపిక ఎక్కువేమీ కాదు. ఒకటి తీసి, దాని చోటులోనే కొత్తది పెట్టి, దీపం చూసి, తర్వాతే రెండోది ముట్టుకోవడం.

అన్నీ క్లౌడ్‌లోకి పోతున్నాయి, ఇక మన ఊళ్లలో సర్వర్ కార్డులెక్కడివి అన్నది చివరగా వినబడే మాట. క్లౌడ్ అంటే ఇంకొకరి గదిలోని సర్వరే. అక్కడా పట్టీలూ కన్నాలూ దీపాలూ ఉంటాయి, వాటిని చూసే మనుషులకు మాత్రం జీతం వేరేవాళ్లిస్తారు. పైగా అన్నీ పోలేవు. ఎర్రమంచి దగ్గర 2019లో కార్ల తయారీ మొదలుపెట్టిన కియా కర్మాగారాన్ని ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కట్టారు. అంత వేగంతో నడిచే ఏ కర్మాగారంలోనైనా యంత్రాలు ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరు బదులు కోసం ఆగలేవు, కాబట్టి కొంత లెక్క ఆవరణలోనే జరగాలి. ఆసుపత్రి స్కానింగ్ గదికీ, కెమెరాల రికార్డుకూ అంతే. క్లౌడ్‌కు పోయే దారి కూడా తీగే. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ గాజు తీగను కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లకు తెచ్చింది. గాజు తీగలోనూ పోగులే ఉంటాయి. గందరగోళం పడకుండా వాటికి నీలం, నారింజ, పచ్చ, గోధుమ అంటూ పన్నెండు రంగుల వరస ప్రమాణంగా ఉంది. రంగు తెలిసినా అతికేవాడు అవతలి కొస నుంచి వెలుగు పంపి ఇవతల చూసుకుంటాడు. క్లౌడ్ వల్ల జరిగింది ఒకటే. సర్వర్ల గురించి తెలిసినవాళ్లు పెద్ద ఊళ్లకు పోయారు, సర్వర్ల పక్కన మిగిలినవాళ్లు వేరే పనుల కోసం జీతం తీసుకునేవాళ్లు. అందువల్ల యంత్రం వాళ్లకు అర్థమయ్యేట్టు పలకాల్సిన అవసరం తగ్గలేదు, పెరిగింది.

ఇక ఎప్పుడు, ఎవరు అన్న ప్రశ్న. పెట్టిన రోజే, పెట్టిన చేతులే. సర్వర్ బిగించిన ఇంజినీరు ఇంకా గదిలో ఉండగానే, ఏ వైరూ ముఖ్యం కాని ఆ గంటలోనే, నాలుగు పోర్టులకూ వరసగా పదేసి సెకన్లు దీపం ఆడిస్తే నిమిషంలో తేలిపోతుంది. అదే పని ఆరు నెలల తర్వాత, వ్యాపారం నడుస్తుండగా, ఫోన్లో చెయ్యాలంటే పూట పడుతుంది. అప్పుడు ఎక్కడ ఏం రాయాలన్న దగ్గర కోట ద్వారం మళ్లీ పనికొస్తుంది, కాస్త జాగ్రత్తగా. ద్వారానికి పోయే ఊరి పేరు పెట్టడం అందంగా ఉంటుంది గాని దారులు మారతాయి. ఇవాళ ఎర్రమంచికి పోయే లారీలు 44వ జాతీయ రహదారి పడతాయి తప్ప కోట ద్వారంలోంచి పోవు. కోటకైతే పాత పేరు ఉండిపోయినా నష్టం లేదు. సర్వర్‌కు ఉంది. కాబట్టి కన్నం పక్కన అతికించే స్టిక్కరు మీద ఎప్పటికీ మారనిది, అంటే చోటు మాత్రమే రాయాలి. అది ఎటు పోతుందన్నది రాక్ తలుపు లోపలి వైపు అతికించిన కాగితం మీద, తేదీతో. మన తూముకుంట కాగితంలో ఒక వరస ఇలా ఉంటుంది: పై నుంచి 3, ఈఎన్‌పీ5ఎస్0ఎఫ్1, కెమెరాల స్విచ్ 12వ కన్నం, దీపం చూసి సరిచూసిన తేదీ, దాని పక్కన ఎలక్ట్రీషియను సంతకం.